నౌరూ సంపన్న దేశంగా వెలిగిన రోజుల్లోనే అక్కడ మధుమేహం ఎందుకు ప్రబలింది?

ప్రశ్న (ప్రజారోగ్య విద్యార్థిని)

అందరికీ నమస్కారం. చిన్న ద్వీపాల్లో నివసించే ప్రజల ఆరోగ్య అసమానతలపై నేను ఒక పరిశోధనా వ్యాసం రాస్తున్నాను. మనిషి ఆరోగ్యాన్ని నిర్ణయించేవి ఆసుపత్రులూ మందులూ మాత్రమే కావనీ, పుట్టిన ఇల్లు, చేసే పని, చదువు, తినే తిండి, తాగే నీరు, తన బతుకు మీద తనకు ఎంత అధికారం ఉందన్నది కూడా కలిసి ఆయుష్షును నిర్ణయిస్తాయనీ మాకు పాఠంలో చెప్పారు. మైకేల్ మార్మట్ అధ్యక్షతన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సంఘం 2008లో ఇచ్చిన నివేదికను కూడా చదివాను. అందులోని వాదన నాకు సమ్మతమే. అయితే నౌరూ దగ్గరికి వచ్చేసరికి ఆ వాదనను ఎలా నిలబెట్టాలో తెలియడం లేదు.

పసిఫిక్ మహాసముద్రంలోని ద్వీప దేశమైన నౌరూ విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. 1968లో స్వతంత్రమైంది. ఫాస్ఫేట్ ఎగుమతుల పుణ్యమా అని 1970లలో తలసరి ఆదాయంలో ప్రపంచంలోని అత్యంత సంపన్న దేశాల సరసన చేరింది. వైద్యానికి గానీ చదువుకు గానీ అప్పట్లో పౌరులు డబ్బు చెల్లించనక్కరలేకపోయింది, ఆదాయపు పన్ను కూడా ఉండేది కాదు. సరిగ్గా ఆ రోజుల్లోనే, అంటే 1970ల మధ్యలో జరిపిన పరీక్షల్లో, అక్కడి పెద్దవాళ్ళలో దాదాపు మూడో వంతు మందికి మధుమేహం ఉన్నట్టు తేలింది. లేమి వల్లనే రోగం వస్తుందనుకుంటే, లేమి అన్నది లేని ఆ పదేళ్ళలో ఇంతటి రోగం ఎక్కడినుంచి వచ్చినట్టు?

నా సహాధ్యాయుల్లో కొందరు ఇది పసిఫిక్ జాతుల జన్యువుల్లోనే ఉన్న లక్షణమని అంటున్నారు. మరికొందరు నడిసముద్రంలో ఎక్కడో విసిరేసినట్టుండే ద్వీపాలకు దూరమే శాపమని అంటున్నారు. ఈ రెండు మాటలూ నాకు పూర్తిగా మింగుడుపడడం లేదు కానీ, వాటికి జవాబు చెప్పగలిగినంత సామగ్రి నా దగ్గర లేదు. తెలిసినవారు దారి చూపవలసిందిగా కోరుతున్నాను.


మొదటి జవాబు (సామాజిక వైద్యశాస్త్ర అధ్యాపకుడు)

అమ్మా, నౌరూను ఆదాయం అన్న ఒక్క కొలబద్దతో కొలవడం వల్లనే మీకు ఈ చిక్కు ఎదురైంది. ఆ ఆదాయం ఎక్కడినుంచి వచ్చిందో, అది రావడం కోసం ఏమి పోయిందో పక్కపక్కన పెట్టి చూడండి.

ఆ ద్వీపంలో తవ్వకం మొదలైంది 1907లో. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాల ఉమ్మడి సంస్థ దాన్ని తన చేతుల్లోకి తీసుకుని, అక్కడి ఫాస్ఫేట్‌ను తమ పొలాలకు ఎరువుగా చవకగా తరలించుకుపోయింది. ద్వీపం నడుమ ఉన్న పీఠభూమి మీది చెట్లను కొట్టి, పైమట్టిని గీకి, రాతి సందుల్లో ఉన్న ఫాస్ఫేట్‌ను తోడేసిన తరువాత అక్కడ మిగిలింది మనిషి ఎత్తును మించిన పగడపు రాతి స్తంభాల బీడు. అందులో నాగలి దిగదు, నీరు నిలవదు, నడవడానికి కూడా దారి ఉండదు. జనంలో ఎక్కువమంది తీరం వెంబడి సన్నని పట్టీ మీద ఇరుక్కుని బతుకుతున్నారు. ఒకప్పుడు వాళ్ళ ఆహారం సముద్రపు చేప, కొబ్బరి, మొగలి పండు. బువాడా మడుగులో వాళ్ళు పాలబొంత చేపలను కుటుంబాల వారీగా గట్లు కట్టుకుని పెంచుకునేవారు. తవ్వకం సాగినకొద్దీ ఆ తిండి స్థానంలోకి ఓడల్లో దిగిన తెల్ల బియ్యం, మైదా, చక్కెర, డబ్బా మాంసం వచ్చి కూర్చున్నాయి. చేతినిండా డబ్బున్నా ఆ డబ్బుతో కొనుక్కోగలిగింది ఓడ తెచ్చినదాన్నే. పైగా దుకాణానికి నడిచి వెళ్ళే పని కూడా వాహనాల వల్ల తప్పిపోయింది.

కాబట్టి నౌరూలో లేమి లేదన్న మాటను నేను ఒప్పుకోను. భూమి లేమి ఉంది, కూరాకు పండించుకునే మట్టి లేమి ఉంది, అన్నిటికన్నా ముందు నిర్ణయాధికారపు లేమి ఉంది. ఏటా ఎంత తవ్వాలో, ఎంతకు అమ్మాలో 1968కి ముందు అరవై ఏళ్ళపాటు ఆ నేల మనుషులను ఎవరూ అడగలేదు. చెడిపోయిన భూమికి పరిహారం కోరుతూ నౌరూ 1989లో అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద దావా వేస్తే, 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు రాజీ కుదిరింది. ఆ దావా పత్రాలను ప్రజారోగ్య విద్యార్థులు చదవరు. చదవాలి. ఒక దేశానికి మధుమేహం ఎలా వచ్చిందో చెప్పే వైద్య చరిత్రగా నేను వాటిని చదువుతాను. ఆ తరువాత ఫాస్ఫేట్ తరిగిపోయింది, డబ్బు పోయింది, జబ్బు మాత్రం ఉండిపోయింది.

ఇక దూరం సంగతి. పసిఫిక్‌లోనే ఉన్న మార్షల్ దీవుల్లో క్వాజలీన్ అనే పగడపు వలయం, అంటే వలయాకారంలో పరుచుకున్న చిన్న పగడపు దీవుల వరుస, ఉంది. దానిలో ఒక దీవి మీద అమెరికా సైనిక స్థావరం, దానికి సుమారు 5 కిలోమీటర్ల దూరంలో ఈబై అనే మరో దీవి ఉన్నాయి. రెండిటికీ ఒకే సముద్రం, ఒకే గాలి, బయటి ప్రపంచానికి ఇంచుమించు ఒకే దూరం. స్థావరంలో పచ్చిక మైదానాలు, శుద్ధి చేసిన నీరు, అక్కడి సిబ్బంది కోసం ఆసుపత్రి ఉన్నాయి. ఈబై వైశాల్యం సుమారు 80 ఎకరాలు. 2011 జనగణన నాటికి అంత చిన్న చోట 9,600 మందికి పైగా కిక్కిరిసి ఉన్నారు. వాళ్ళలో చాలామంది పూర్వీకులు అక్కడివారు కారు. ఇప్పుడు స్థావరం ఉన్న క్వాజలీన్ దీవి నుంచి 1950ల ఆరంభంలో కొందరినీ, క్షిపణులు పడే ప్రాంతమని చెప్పి వలయం మధ్యభాగంలోని దీవుల నుంచి 1960లలో మరికొందరినీ తెచ్చి అక్కడ దింపారు. రోజూ తెల్లవారుజామున ఈబై మనుషులు పడవెక్కి స్థావరానికి వెళ్ళి, అక్కడ వంటలు చేసి, తోటలు చూసి, సాయంత్రానికి తిరిగి వస్తారు. క్షయ, కుష్ఠు, మధుమేహం వీరి ఇళ్ళలో ఉన్నంతగా, పని చేసి వచ్చిన ఆ ఇళ్ళలో లేవు. ఒకే గదిలో ఎనిమిదిమంది, పదిమంది పడుకునే చోట ఒకరికి క్షయ సోకితే మిగిలినవారికి సోకకుండా ఆపడం ఒక్క మందు వల్లనే అయ్యే పని కాదు. ఆ 5 కిలోమీటర్ల నీటిని దూరం అనే మాటతో వివరించడం ఎలాగో నాకు తెలియదు.


రెండవ జవాబు (జన్యుశాస్త్ర పరిశోధకురాలు)

మాస్టారు చెప్పినదానితో నాకు పేచీ లేదు. అయితే జన్యువుల మాటను ఒక్క వాక్యంతో తోసిపుచ్చితే మీ పరీక్షకులు ఊరుకోరు కనుక, దాన్ని ఎదురుగా నిలబడి చర్చించండి.

కరువు కాలంలో కొవ్వును దాచుకునేలా కొందరి శరీరాలు మలచబడి ఉంటాయనీ, తిండి పుష్కలమైనప్పుడు అదే గుణం మధుమేహానికి దారి తీస్తుందనీ జేమ్స్ నీల్ 1962లో ప్రతిపాదించారు. వినడానికి చక్కగా ఉన్నందువల్ల ఆ ఊహ పసిఫిక్ ప్రజలకు అతుక్కుపోయింది. 2016లో సమోవా ప్రజల మీద ప్రచురితమైన పరిశోధనలో సీఆర్ఈబీఆర్ఎఫ్ అనే జన్యువులో ఒక మార్పు కనబడింది. అది సమోవన్లలో చాలా సాధారణం, ఇతర జాతుల్లో దాదాపు లేదు. అది ఉన్నవారి బరువు నిజంగానే ఎక్కువ. అయితే అదే మార్పు ఉన్నవారికి మధుమేహం వచ్చే అవకాశం తక్కువగా ఉందని కూడా ఆ పరిశోధనే చూపించింది. బరువును పెంచే జన్యువు దొరికింది కానీ, రోగాన్ని వాళ్ళ రక్తం మీదకు నెట్టడానికి అది పనికి రాలేదు.

ఇంకా బలమైన ఆధారం కావాలంటే టోకెలావ్ చూడండి. మూడు పగడపు దీవులు, విమానాశ్రయం లేదు. 1966లో తుఫాను వచ్చిన తరువాత అక్కడి కుటుంబాలు కొన్ని న్యూజిలాండ్‌కు తరలివెళ్ళాయి. ఇయాన్ ప్రయర్ బృందం ఆ వెళ్ళినవారినీ, దీవుల్లోనే ఉండిపోయినవారినీ ఏళ్ళ తరబడి పోల్చి పరీక్షించింది. అన్నదమ్ముల పిల్లలే అటూ ఇటూ ఉన్నారు, కనుక రక్తంలో తేడా లేదు. వలస వెళ్ళినవారిలో బరువు, రక్తపోటు, మధుమేహం పెరిగాయి. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఇక్కడ ఆసుపత్రికి దగ్గరైనవారి ఆరోగ్యమే దెబ్బతిన్నది.

ఒకినావా కథ దీనికి మరో పార్శ్వం. దీర్ఘాయుష్షుకు పేరుపడిన ఆ ద్వీపంలో పురుషుల సగటు ఆయుర్దాయం 1985లో జపాన్‌లోని 47 ప్రిఫెక్చర్లలో (మన రాష్ట్రాల వంటి పాలనా విభాగాల్లో) మొదటి స్థానంలో ఉండగా, 2000 లెక్కలకు 26వ స్థానానికి జారింది. పదిహేనేళ్ళలో జన్యువులు మారవు. చిలగడదుంప తిని పెరిగిన తాతల తరానికీ, 1972 వరకు సాగిన అమెరికా పాలనలో డబ్బా మాంసానికీ, వేపుళ్ళకూ అలవాటుపడిన మనుమల తరానికీ మధ్య తిండి మారింది, పని మారింది.


ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. నౌరూ విషయంలో భూమిని ఆదాయం నుంచి విడదీసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. మరొక్క సందేహం. చేప చుట్టూ ఉన్నప్పుడు డబ్బా మాంసం తినడం వాళ్ళ ఇష్టం వల్ల జరిగినదే కదా, దానికి సమాజాన్ని తప్పుపట్టడమేమిటని మా తరగతిలో గట్టిగా అడుగుతున్నారు. దీనికి ఏమని చెప్పాలి?


మూడవ జవాబు (నర్సు)

నేను పుస్తకాలు ఎక్కువగా చదివినదాన్ని కాను. ఒక పసిఫిక్ ద్వీపంలోని ఆరోగ్య కేంద్రంలో కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడివారి గుట్టు కాపాడడం కోసం ఆ ద్వీపం పేరు రాయడం లేదు. మీ తరగతిలో అడిగిన ప్రశ్ననే నేను కూడా అక్కడికి వెళ్ళిన కొత్తలో ఒక పెద్దామెను అడిగాను. ఆమె నన్ను తన వంటింట్లోకి తీసుకెళ్ళి రెండు డబ్బాలు చూపించింది. ఒకటి గొడ్డు మాంసం డబ్బా. మరొకటి ట్యూనా చేప డబ్బా. ఆ చేప వాళ్ళ సముద్రంలో పట్టిందేననీ, పరాయి దేశపు పెద్ద పడవలు పట్టుకుపోయి, ఇంకో దేశంలో డబ్బాకెక్కించి, మళ్ళీ తమకే అమ్ముతున్నాయనీ ఆమె చెప్పింది. తన కొడుకు పట్నంలో రోజు కూలికి వెళ్తే ఇంట్లో పడవ నడిపేవాడు లేడు, పడవ ఉన్నా ఇంధనం కొనే స్తోమత లేదు. చేమదుంపలు పెంచే గుంటలోకి పోటు సమయంలో ఉప్పునీరు వచ్చి దుంపలు కుళ్ళిపోయాయి. సీమపనస చెట్టు మాత్రం మిగిలింది, అది కాసేది కొన్ని నెలలే. ఇన్ని తలుపులు మూసుకుపోయాక మిగిలిన ఒక్క తలుపులోంచి నడిచినవారిని చూసి అది వాళ్ళ ఇష్టమని నేను అనలేను.

ఇష్టం అన్నదాని వెనుక వర్తకం కూడా ఉంది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో పెద్దగా ఎవరూ తినని గొర్రె పొట్ట భాగపు కొవ్వు మాంసాన్ని, అమెరికాలో పారవేయదగిన టర్కీ కోడి తోకలను చవకగా ఈ దీవులకు పంపేవారు. ఫిజీ 2000లో ఆ గొర్రె మాంసం దిగుమతిని నిషేధించింది. సమోవా 2007లో టర్కీ తోకలను నిషేధించింది కానీ, 2012లో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరడానికి ఆ నిషేధాన్ని వదులుకోవలసి వచ్చింది. తమ పిల్లలు ఏమి తినకూడదో చెప్పుకునే హక్కు కూడా ఒక దేశానికి ఒప్పందాల బల్ల మీద బేరమైపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మధుమేహం వచ్చాక జరిగేదాని గురించి కూడా రాయండి. ఇన్సులిన్‌ను చల్లగా ఉంచాలి. కరెంటు జనరేటర్ మీద నడిచే చోట డీజిల్ ఓడ ఆలస్యమైతే రాత్రివేళ ఫ్రిజ్ ఆగిపోతుంది. మేము సీసాలను తడిగుడ్డ చుట్టిన మట్టికుండలో పెట్టి కాపాడిన రోజులున్నాయి. కాలి మీద చిన్న పుండుతో వచ్చినవాళ్ళకు పెద్దాసుపత్రికి చీటీ రాసి ఇచ్చేదాన్ని, వాళ్ళు దాన్ని భద్రంగా ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని ఓడ కోసం ఎదురుచూసేవారు. ఓడ వచ్చేసరికి పుండు ఎముకదాకా పోయి, అక్కడికి వెళ్ళినవాళ్ళకు కాలే తీసేయవలసి వచ్చేది. నిండు గర్భిణులనైతే కాన్పుకు నెల ముందే పెద్ద ఊరికి పంపేవాళ్ళం. ఆ నెల రోజులూ ఆమె ఎవరింట్లో ఉండాలి, ఏమి తినాలి, వదిలి వచ్చిన పిల్లలను ఎవరు చూడాలి అన్నవి మా కాగితాల్లో ఎక్కడా లేవు. బంధువులున్నవారు వెళ్ళేవారు, లేనివారు పడవ దిగకుండానే తిరిగి వచ్చేవారు.

ఇంకొక్క సంగతి చెప్పి ఆపుతాను. 2019లో సమోవాలో తట్టు వ్యాధి వచ్చి 83 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలు. దానికి ముందు సంవత్సరం, టీకా పొడిని నీటికి బదులు పొరపాటున వేరే మందుతో కలిపి వేయడం వల్ల ఇద్దరు పసిబిడ్డలు మరణించారు. ఆ తరువాత నెలల తరబడి టీకాలు ఆగిపోయాయి, ప్రజల నమ్మకం విరిగింది. విరిగిన నమ్మకాన్ని ఎవరూ ఇంటింటికీ వెళ్ళి అతకలేదు. తీరా వ్యాధి వచ్చాక, 2019 డిసెంబరులో రెండు రోజులపాటు దేశమంతా పనులు ఆపి, టీకా పడనివారున్న ఇళ్ళముందు ఎర్రగుడ్డ కట్టమన్నారు. టీకాలు వేసేవాళ్ళు ఎర్రగుడ్డ కనబడిన ప్రతి ఇంటికీ వెళ్ళారు. ఇల్లిల్లూ తిరగడం సాధ్యమేనని ఆ రెండు రోజుల్లో తేలింది. అదే పని ఏడాది ముందు చేసి ఉంటే ఆ పిల్లలు ఉండేవారు.


అధ్యాపకుడి రెండవ జవాబు

నర్సమ్మ గారు రాసినది చదివాక, అమ్మా, మీ వ్యాసంలో అంకెల గురించి ఒక హెచ్చరిక చేయాలనిపించింది. జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే వైద్యుడు 1971లో ఒక సంగతి గుర్తించారు. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది తక్కువగా అందుతుందని ఆయన రాశారు. దీనికి తోడు ద్వీపాల్లో అలా అందనివారు లెక్కలో కూడా పడరు. 2017లో మరియా తుఫాను అమెరికా పాలనలో ఉన్న ప్యూర్టోరికో ద్వీపాన్ని తాకినప్పుడు అధికారిక మరణాలు 64 అని ప్రకటించారు. తరువాత జార్జ్ వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వేసిన అంచనా 2,975. ఆ తేడాలో ఎక్కువ భాగం తుఫాను రోజున గోడ కూలి పోయినవారు కారు. కరెంటు లేక, మందు లేక, రోడ్డు లేక, తరువాతి నెలల్లో పోయినవారు. పేద మునిసిపాలిటీల్లో ముప్పు ఎక్కువగా, ఎక్కువకాలం సాగింది. ప్యూర్టోరికోకే చెందిన, దాని పక్కనే ఉన్న వియేకెస్ అనే చిన్న దీవిలో ఉన్న ఆసుపత్రి దెబ్బతిన్న తరువాత, డయాలిసిస్ రోగులు వారానికి మూడుసార్లు చిన్న విమానమెక్కి పెద్ద దీవికి వెళ్ళి రావలసి వచ్చింది. ద్వీపానికి కూడా ఒక ద్వీపం ఉంటుంది. దేశం మొత్తానికి సగటు తీస్తే ఈ రెండో ద్వీపం అందులో కరిగిపోతుంది.

నౌరూ వంటి చోట జనాభా తక్కువ కనుక ఒక్క ఏడాది మరణాల సంఖ్య ఊగిసలాడుతుంది. కనీసం ఐదేళ్ళవి కలిపి చూడండి. ఆసుపత్రి రిజిస్టరుతో పాటు రేవులో దిగిన సరుకుల జాబితాను కూడా సంపాదించండి. ఆ రెండింటినీ సంవత్సరం వారీగా పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మీ మొదటి ప్రశ్నకు మీ సొంత జవాబు దొరుకుతుంది.


నర్సు రెండవ జవాబు

మాస్టారూ, ఒక చిన్న సవరణకు అనుమతించండి. మా రిజిస్టరులో చీటీ రాసిన తేదీకి ఒక గడి, రోగి పెద్దాసుపత్రికి చేరిన తేదీకి మరో గడి ఉండేవి. రెండో గడి ఖాళీగా ఉన్న పేజీలు చాలా ఉన్నాయి. వాళ్ళు నయమైపోయి వెళ్ళలేదో, ఓడ దొరకక వెళ్ళలేదో, చనిపోయారో ఆ పుస్తకం చెప్పదు. అమ్మాయి గారు అక్కడికి వెళ్ళే అవకాశం ఉంటే ఆ ఖాళీ గడుల పేర్లు రాసుకుని, ఊరి ప్రార్థనామందిరంలో ఉండే జనన మరణాల పుస్తకంతో సరిచూడాలి. మేము ఒకసారి ఒక సంవత్సరానికి అలా సరిచూశాం. రాత్రి రెండు గంటలదాకా లాంతరు వెలుగులో కూర్చుని ఒక్కొక్క పేరూ వెతికాం, ఆ తరువాత నుంచి చీటీ ఇచ్చిన ప్రతి మనిషి ఇంటికీ వారం తిరగకముందే ఒకరిని పంపడం మొదలుపెట్టాం.